కన్నీటికి కూడా శీలపరీక్షేనా?

2004 ఏప్రిల్ 17, శనివారం. పరీక్ష పేపర్లు దిద్దే పని ముగించుకుని ఏలూరులో అమ్మ దగ్గరికి వచ్చి రెండు రోజులయింది. మధ్యాహ్నం భోజనాలకి కూర్చోబోతుంటే టీవీలో వార్త వచ్చింది. సౌందర్య ఎక్కిన చిన్న విమానం బెంగుళూరు శివార్లలోని జక్కూరు నుంచి లేచిన కొద్ది నిమిషాలకే కూలిపోయిందని. కరీంనగర్‌లో ఎన్నికల ప్రచారానికి బయల్దేరిందామె. విమానంలో ఉన్న నలుగురూ పోయారు. వారిలో ఆమె అన్న అమరనాథ్ కూడా ఉన్నాడు.

అమ్మ అన్నం గిన్నె బల్ల మీద పెట్టేసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అయ్యో తల్లీ" అంది. ఆ పూట మా ఇంట్లో ఎవరమూ సరిగ్గా తినలేదు. సాయంత్రానికి మా వరస ఇళ్ళల్లో ఆడవాళ్ళంతా ఒక్కొక్కరే వచ్చి మా అరుగు మీద చేరారు. ఎవరూ ఎవర్నీ పిలవలేదు. చావు జరిగిన ఇంటికి వచ్చినట్టే వచ్చారు. "మొన్ననే కదమ్మా పెళ్ళయింది." "ముప్ఫై రెండేళ్ళు కూడా నిండలేదట." "ఒకే ఇంట్లో ఇద్దర్నీ... ఆ కన్నతల్లి ఎలా బతుకుతుందో." ఇవే మాటలు మళ్ళీ మళ్ళీ.

నాన్న పేపరు మడిచి, "ఏం, మీ మేనకోడలా?" అని నవ్వారు. అమ్మ కళ్ళు తుడుచుకుంటూనే జవాబిచ్చింది. "మేనకోడలయితే ఇన్నిసార్లు చూసుండేదాన్ని కాదు."

ఆ రోజు నేను నాన్న వైపే ఉన్నానని ఒప్పుకోవాలి. పైకి నవ్వలేదు గానీ లోపల విసుగ్గా ఉంది. డిగ్రీ కాలేజీలో సాహిత్యం చెప్పుకునే దాన్ని. స్త్రీవాదం చదువుకున్న దాన్ని. పతివ్రత పాత్రలు వేసి వేసి ఆడవాళ్ళకి సర్దుకుపోవడం నేర్పిన హీరోయిన్ కోసం మా అమ్మ తిండి మానేయడం నాకు అవమానంగా కూడా అనిపించింది. ఆ విసుగులో ఉన్న అహంకారం అర్థం కావడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. అర్థమయ్యాక ఇంకో ప్రశ్న వచ్చి కూర్చుంది. మా అమ్మ సౌందర్య కోసం ఏడ్చింది సరే. అంతకు ఎనిమిదేళ్ళ ముందు, మా ఊరికి కూతవేటు దూరంలో పుట్టిన ఇంకో నటి ముప్ఫై అయిదేళ్ళకే చనిపోతే మా అరుగు మీద ఎవరూ ఎందుకు చేరలేదు? నేనెందుకు ఏడవలేదు? ఈ వ్యాసం ఆ రెండు చావుల మధ్య ఉన్న దూరం గురించి.

*

మన దగ్గర అభిమాని అనగానే కళ్ళముందు మెదిలేది మగవాడే. కటౌట్లకి దండలు వేసేది, పాలు పోసేది, తెర ముందు కాగితాలు ఎగరేసేది, రక్తదాన శిబిరాలు పెట్టేది యువకులే. అభిమాన సంఘాల మీద లోతుగా పనిచేసిన ఎస్.వి. శ్రీనివాస్ 'మెగాస్టార్' పుస్తకం (2009) చదివితే, ఆ సంఘాలు మగపిల్లలు కలిసి గడిపే చోటుగా, వాళ్ళు వీధిలోకీ రాజకీయాల్లోకీ అడుగుపెట్టే మెట్టుగా ఎలా పనిచేశాయో తెలుస్తుంది. హీరో చనిపోతే ఆ దుఃఖం కూడా వీధిలోనే కనిపిస్తుంది. 2006 ఏప్రిల్ 12న కన్నడ నటుడు రాజ్‌కుమార్ పోయినప్పుడు బెంగుళూరు తగలబడింది. బస్సులు కాలాయి, ఒక పోలీసు కూడా ప్రాణం పోగొట్టుకున్నాడు. దాన్నీ 'అభిమానం' అనే రాశారు. ఇంట్లో కూర్చుని కళ్ళు తుడుచుకున్న ఆడవాళ్ళ దుఃఖాన్ని మాత్రం 'సెంటిమెంట్' అంటారు.

ఆడవాళ్ళకి అభిమాన సంఘం లేదు. రిజిస్టరు లేదు, అధ్యక్షురాలు లేదు, బ్యానరు లేదు. అయితే అభిమానం లేదా? మా అమ్మ తరం వాళ్ళు సినిమా చూసిన తీరు గుర్తు చేసుకోండి. ఇంట్లో వంట ముగించి, పిల్లల్ని బడికి పంపి, నలుగురైదుగురు కలిసి మ్యాట్నీకి వెళ్ళేవాళ్ళు. తర్వాత టీవీ వచ్చాక మధ్యాహ్నం అంట్లు తోమేవేళకీ సాయంత్రం కాఫీ వేళకీ మధ్యలో చూసేవాళ్ళు. చూసిన సినిమానే పప్పు ఏరుకుంటూ మళ్ళీ చూసేవాళ్ళు. కథ తెలిసిందే కాబట్టి మనిషిని చూసేవాళ్ళు. ఆమె ఎలా నడిచింది, కొంగు ఎలా తిప్పింది, అత్త మాట అన్నప్పుడు పెదవి ఎలా బిగించింది. అంతసేపు, అంత శ్రద్ధగా, ఎవరి భయమూ లేకుండా ఇంకో ఆడమనిషి మొహంలోకి చూసే అవకాశం మా అమ్మకి ఇంకెక్కడుంది? "మేనకోడలయితే ఇన్నిసార్లు చూసుండేదాన్ని కాదు" అన్న మాట అక్షరాలా నిజం.

జాకీ స్టేసీ అనే బ్రిటిష్ పరిశోధకురాలు 1940లు, 50లలో హాలీవుడ్ సినిమాలు చూసిన ఆడవాళ్ళ దగ్గర్నుంచి ఉత్తరాలు తెప్పించుకుని 'స్టార్ గేజింగ్' (1994) రాసింది. తెర మీది స్త్రీని మగవాడి చూపుతోనే చూస్తామన్న సిద్ధాంతం ఒక్కటే సరిపోదనీ, ఆడవాళ్ళు తమకు నచ్చిన నటిలో తాము కాలేకపోయిన మనిషిని వెతుక్కుంటారనీ ఆ ఉత్తరాలు చూపిస్తాయి. ఆ పుస్తకం చదువుతున్నప్పుడు నాకు మా అరుగు గుర్తొచ్చింది. ఆ సాయంత్రం అక్కడ చేరిన ఆడవాళ్ళ మాటలు ఎవరూ రాసుకోలేదు. నేను పక్కనే ఉండి కూడా రాసుకోలేదు.

*

ఇంతకీ సౌందర్యలో వాళ్ళేం చూశారు?

నా పాత విసుగుని పక్కన పెట్టి ఆ సినిమాలు మళ్ళీ చూశాను. 1993లో తెలుగులోకి వచ్చి పదేళ్ళ పాటు ఊపిరాడనంతగా నటించింది. 'పవిత్రబంధం' (1996)లో పెళ్ళి మీద నమ్మకం లేని మగవాడితో ఏడాది ఒప్పందం మీద భార్యగా ఉంటుంది. ముగింపు మనకి తెలిసిందే, పవిత్రబంధమే గెలుస్తుంది. 'పెళ్ళి చేసుకుందాం' (1997)లో అత్యాచారానికి గురైన అమ్మాయి. ఆమెకి ఆశ్రయమూ గౌరవమూ ఇచ్చేది కథానాయకుడే, అంటే ఆ గౌరవం అతని ఔదార్యం. 'అమ్మోరు' (1995)లో అత్తింటి హింస పడే అనాథ పిల్ల. ఆమెని కాపాడటానికి సాక్షాత్తూ దేవతే పనిపిల్లగా ఇంట్లోకి రావాలి. మనిషెవరూ కాపాడరు. ఈ కథల మీద మనం స్త్రీవాద విమర్శకులం పెట్టిన అభ్యంతరాలన్నీ నిలబడతాయి. వాటిలో ఒక్కదాన్నీ నేను వెనక్కి తీసుకోను.

కానీ ఆడవాళ్ళు ముగింపులు మాత్రమే చూడరు. 'పవిత్రబంధం'లో అమ్మకి గుర్తున్నది చివరి దృశ్యం కాదు. గడువు తీరగానే ఆమె ఒప్పందం ప్రకారం తన దారిన తాను వెళ్ళిపోయిన భాగం. "ఏడవకుండా వెళ్ళింది చూడు" అనేది. 'అంతఃపురం' (1998)లో భర్తని ముఠా కక్షలు మింగేస్తే, పసివాణ్ణి ఆ ఇంటి వంశానికి వారసుడిగా ఉంచెయ్యమన్న మామని ఎదిరించి బిడ్డతో పారిపోవాలని చూస్తుంది. ఆ సినిమాలో ఆమె పరుగెత్తుతుంది, అరుస్తుంది, దుమ్ము కొట్టుకుపోతుంది. ఆ కోడలికి సాయం చేసేది అత్త. మన సినిమాల్లో అత్తాకోడళ్ళు ఒకే వైపు నిలబడటం ఎంత అరుదో మీకు చెప్పక్కర్లేదు.

ఆమె తనకోసం తాను ఎంచుకున్న సినిమా 'ద్వీప' (2002). గిరీష్ కాసరవల్లి దర్శకత్వంలో తీసిన ఆ కన్నడ చిత్రానికి నిర్మాత ఆమే. జాతీయ ఉత్తమ చిత్రం అవార్డు వచ్చింది. ఆనకట్ట కింద మునిగిపోతున్న చిన్న కొండ మీద మిగిలిపోయిన కుటుంబం కథ అది. నీళ్ళు పైకి వస్తుంటే ఇంటిని నిలబెట్టేది కోడలు నాగి. తీరా గండం గడిచాక భర్త ఆ పుణ్యమంతా దేవుడికి కట్టబెడతాడు. ఆమె కష్టానికి పేరుండదు. తెలుగులో పదేళ్ళు సర్దుకుపోయే కోడలిగా కనిపించిన నటి, సొంత డబ్బు పెట్టి ఆ కోడలి శ్రమ ఎక్కడికి పోతుందో అడిగే సినిమా తీసిందన్నమాట. ఆమె చనిపోయినప్పుడు మన దగ్గర వచ్చిన సంతాపాల్లో 'ద్వీప'కి దక్కిన చోటు చాలా తక్కువ. అమ్మకి ఆ సినిమా సంగతే తెలియదు. చాలా కాలం తర్వాత నేను సీడీ తెచ్చి చూపిస్తే, భాష రాకపోయినా కదలకుండా చూసింది. చివర్లో, "ఆ మొగుడు ఒక్క మాటయినా అనొచ్చుగా" అంది.

*

సంతాపం అన్నది పోయినవారి గురించి చెప్పే మాట మాత్రమే కాదు. బతికున్నవారికి చేసే బోధ కూడా. సౌందర్య పోయాక వచ్చిన మాటల్ని ఒకసారి విప్పి చూడండి. 'మరో సావిత్రి.' 'పదహారణాల తెలుగమ్మాయిలా ఉండేది' (ఆమె కన్నడిగ). 'ఏనాడూ హద్దు దాటలేదు.' 'నిండుగా చీర కట్టుకునే నటి.' ఈ ప్రశంసల్లో ప్రతిదానికీ వెనక వైపు ఇంకో మొహం ఉంది. హద్దు దాటినవాళ్ళు ఎవరు? చీర నిండుగా కట్టనివాళ్ళు ఎవరు? ఒకర్ని పొగడటానికి ఎంతమందిని పేరెత్తకుండా తిడుతున్నాం?

పైగా అది నిజం కూడా కాదు. 'హలో బ్రదర్' (1994) పాటల్లో ఆమె ఆ కాలపు ఏ హీరోయినయినా వేసిన దుస్తులే వేసింది, ఆ చిందులే వేసింది. నటిగా అది ఆమె పని, అందులో తప్పేమీ లేదు. కానీ సంతాపం వాటిని చెరిపేసింది. చావు ఆమెకి చీర కట్టి, బొట్టు పెట్టి, పటంలో కూర్చోబెట్టింది. ఆమె గర్భవతి అన్న మాట కూడా అప్పుడే ఊరూరా పాకింది. అది వినగానే జనం ఏడుపు రెట్టింపయింది. మా అరుగు మీదా అంతే. పదేళ్ళ పని, సొంతంగా తీసిన సినిమా, తానుగా తీసుకున్న రాజకీయ నిర్ణయం, వీటన్నిటికంటే ఆమె కడుపులో ఉందని చెప్పుకున్న బిడ్డ మన కన్నీళ్ళకి ఎక్కువ అర్హత సంపాదించింది.

చిన్న వయసులో పోవడం నటికి ఇంకో 'అదృష్టం' తెచ్చిపెడుతుంది. నా మాట కటువుగా ఉంటే మన్నించండి. ఆమె ముసలిది కాదు, లావెక్కదు. వెంటనే అమ్మ పాత్రల్లోకి తోసెయ్యాల్సిన అవసరం రాదు. టీవీలో ప్రతి వారం ఆమె అదే వయసులో వస్తుంది. 2004 ఆగస్టులో కన్నడంలో 'ఆప్తమిత్ర' విడుదలయ్యేనాటికి ఆమె లేదు, తెర మీద మాత్రం ఉంది. ఆమె ఈడుదాన్నే అయిన నాకు ఇప్పుడు జుట్టు నెరిసింది. ఆమెకి నెరవలేదు. మనం ప్రేమించేది ఆమెనా, ఆమె ఇక మారలేకపోవడాన్నా?

*

ఇప్పుడు రెండో చావు గురించి.

1996 సెప్టెంబర్ 23న మద్రాసులో సిల్క్ స్మిత చనిపోయింది. ఆత్మహత్య అన్నారు. వయసు ముప్ఫై అయిదు. అసలు పేరు విజయలక్ష్మి. పుట్టింది ఏలూరు పక్కన కొవ్వలి. చదువు నాలుగో తరగతితో ఆగిపోయింది. చిన్నతనంలోనే పెళ్ళి చేశారు. ఆ ఇంట్లో ఉండలేక మద్రాసు చేరి, నటీమణుల మొహాలకి రంగు సరిచేసే పనితో మొదలుపెట్టింది. 1980లో 'వండిచక్రం' అనే తమిళ సినిమాలో వేసిన పాత్ర పేరు 'సిల్క్' ఆమెకి అతుక్కుపోయింది. ఆ తర్వాత దక్షిణాది భాషల్లో వందల సినిమాలు. పంపిణీదార్లు సినిమాలో ఆమె పాట ఉందా అని అడిగి మరీ కొనుక్కున్న రోజులున్నాయి. 'సీతాకోకచిలుక' (1981)లో ఒక్క డాన్సు కూడా లేకుండా కళ్ళతో నటించిన మనిషి ఆమె. అది గుర్తు పెట్టుకున్నవాళ్ళు తక్కువ. సౌందర్యలాగే ఆమె కూడా నిర్మాత కావాలని చూసింది. డబ్బు పోగొట్టుకుంది.

మా ఇంట్లో ఆమె పేరు పలికేవాళ్ళం కాదు. 'ఆవిడ' అనేవాళ్ళు, గొంతు తగ్గించి. మా జిల్లా పిల్ల అని చెప్పుకోవడం ఎవరికీ ఇష్టం ఉండేది కాదు. సావిత్రి మా వైపు సినిమా హాళ్ళకి వచ్చిందని చెప్పుకున్న ఊళ్ళే ఇవి.

అమ్మ సంగతి అలా ఉంచండి. నా సంగతి చెప్తాను. ఆ రోజుల్లో నేను విశాఖపట్నంలో చదువుతున్నాను. హాస్టల్లో ఆడపిల్లలం కొందరం చేరి అశ్లీల పోస్టర్లకి వ్యతిరేకంగా పనిచేసేవాళ్ళం. రాత్రిపూట తారు డబ్బా, కుంచె పట్టుకుని బస్టాండు దగ్గరా, సినిమా హాళ్ళ గోడల మీదా పోస్టర్లకి తారు పూసేవాళ్ళం. స్త్రీ శరీరాన్ని సరుకు చేయడాన్ని వ్యతిరేకించాం. ఆ పని చేసినందుకు నాకు ఇవాళ్టికీ సిగ్గు లేదు. కానీ ఆ గోడల మీద చాలాసార్లు ఉన్న మొహం స్మితది. నిర్మాత మొహం కాదు, దర్శకుడి మొహం కాదు, టికెట్టు కొన్నవాడి మొహం కాదు. మా తారు పడింది ఆమె మొహం మీద.

ఆమె చనిపోయిన వారం మా హాస్టల్ గోడపత్రికలో ఏం రాయాలన్న చర్చ జరిగింది. ఒకమ్మాయి, "ఆమె గురించి రాద్దామా?" అంది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. "రాస్తే ఏమని రాస్తాం?" అన్నాను నేను. అంతటితో అయిపోయింది. వరకట్నం చావుల మీద రాశాం ఆ వారం. వరకట్నం చావుల మీద రాయడం అవసరమే. కానీ బాల్యవివాహం, అత్తింటి హింస, చదువు లేకపోవడం, శరీరం తప్ప అమ్ముకోవడానికి ఇంకేమీ లేని శ్రమ, నమ్మిన మనుషులు, ఒంటరి చావు... మేము రోజూ రాసే అంశాలన్నీ ఉన్న ఒక స్త్రీ చనిపోతే మాకు మాట రాలేదు. ఆమె మాకు బాధితురాలిగా కనిపించలేదు. సాక్ష్యంగా కనిపించింది, అదీ అవతలి పక్షం సాక్ష్యంగా.

ఈ సిగ్గు మా ఒక్కరిదే కాదని తర్వాత తెలిసింది. గ్లోరియా స్టైనమ్ 'మిజ్' పత్రిక 1972 ఆగస్టు సంచికలో మార్లిన్ మన్రో గురించి రాసింది. ముఖచిత్రం కూడా మన్రోదే. మన్రో 1962లో, ముప్ఫై ఆరేళ్ళకి పోయింది. టీనేజీలో మన్రో సినిమా చూస్తూ, ఆ పెద్దావిడ చిన్నపిల్లలా అందరి మెప్పు కోసం అలా ఆరాటపడటం భరించలేక సిగ్గుతో మధ్యలో లేచి వచ్చేశానని స్టైనమ్ ఒప్పుకుంటుంది. ఆడవాళ్ళు మన్రోని చూసి ఎందుకు ఇబ్బంది పడ్డారో, ఆమె చచ్చిపోయాక ఎందుకు జాలిపడ్డారో ఆలోచిస్తుంది. ఆమెలో కనిపించిన నిస్సహాయత మనలో కూడా ఉందన్న భయమే ఆ సిగ్గుకి మూలం. అమెరికాలో ఆ మాట అనుకోవడానికి పదేళ్ళు పట్టింది. మనకి అంతకంటే ఎక్కువే పట్టింది.

*

2011 డిసెంబర్ 2న, స్మిత పుట్టినరోజున, 'ది డర్టీ పిక్చర్' విడుదలయింది. ఆమె జీవితం నుంచే పుట్టిన సినిమా అని అందరికీ తెలుసు. విద్యాబాలన్‌కి జాతీయ ఉత్తమ నటి అవార్డు వచ్చింది. బాగా నటించింది, రావలసిందే. అయితే స్మితకి బతికుండగా ఏ జాతీయ అవార్డూ రాలేదు. ఆమెలా నటించినందుకు వచ్చింది. దేశం మొత్తం ఆమె కోసం ఏడ్చింది, పదిహేనేళ్ళు ఆలస్యంగా.

ఆ సినిమా చివరి దృశ్యం చూడండి. సినిమా అంతా పొట్టి బట్టల్లో కనిపించిన నాయిక చనిపోయే ముందు ఎర్రచీర కట్టుకుని, పెళ్ళికూతురిలా ముస్తాబవుతుంది. హాల్లో నా చుట్టూ ఉన్నవాళ్ళు అక్కడే ఏడ్చారు. నాకూ కళ్ళు తడిశాయి. బయటికి వచ్చాక ఆలోచన మొదలయింది. ఆమె కోసం మనం ఏడవాలంటే దర్శకుడు ముందు ఆమెకి చీర కట్టాల్సి వచ్చింది. సౌందర్యకి చావు తర్వాత మనం చేసిన అలంకారాన్నే ఈమెకి చావుకి ముందు సినిమా చేసింది. పెళ్ళికూతురు కావాలని కోరుకుని కాలేకపోయిన స్త్రీగా చూపిస్తేనే ఆమె ఏడవదగ్గ మనిషయింది. పెళ్ళి నుంచి పారిపోయి వచ్చిన స్త్రీ మీద ఇంతకంటే పెద్ద వెటకారం ఉంటుందా?

మగనటులు చిన్న వయసులో పోయినప్పుడు మన ప్రశ్నలు ఎలా మారతాయో కూడా గమనించాలి. 2002లో 'నీ స్నేహం' అనే సినిమా వచ్చింది. నాయకుడు ఉదయ్ కిరణ్, నాయిక ఆర్తి అగర్వాల్. ఇద్దరూ అప్పటి కాలేజీ పిల్లలకి ప్రాణం. నా క్లాసులో పుస్తకాల అట్టల మీద వాళ్ళ బొమ్మలే ఉండేవి. ఉదయ్ కిరణ్ 2014 జనవరి 5న, ముప్ఫై మూడేళ్ళకి హైదరాబాదులో ఆత్మహత్య చేసుకున్నాడు. అందరూ అడిగింది ఒకటే. పరిశ్రమ అతనికి ఏం చేసింది? అవకాశాలు ఎందుకు పోయాయి? వారసులు కానివాళ్ళకి చోటు లేదా? మంచి ప్రశ్నలు. అడగవలసినవే.

ఆర్తి 2015 జూన్ 6న అమెరికాలోని న్యూజెర్సీలో చనిపోయింది. ముప్ఫై ఒక్క ఏళ్ళు. దానికి కొన్ని వారాల ముందు ఒంట్లో కొవ్వు తీయించుకునే శస్త్రచికిత్స చేయించుకుందని వార్తలు వచ్చాయి. పదిహేడేళ్ళకి 'నువ్వు నాకు నచ్చావ్' (2001)తో వచ్చినప్పుడు ఆమెని పొగిడిన నోళ్ళే నాలుగైదేళ్ళు తిరక్కుండా ఆమె లావుని ఎగతాళి చేశాయి. చనిపోయాక మళ్ళీ పాత ఫొటోలే వేశాయి, సన్నగా ఉన్నవి. పరిశ్రమ ఆమెకి ఏం చేసిందని ఎందరు అడిగారు? మనం ఆమెకి ఏం చేశామని ఎవరైనా అడిగారా? ఆమె ప్రేమల గురించీ, పెళ్ళి గురించీ మాత్రం చాలా మాట్లాడుకున్నాం. మగవాడి అకాలమరణం వ్యవస్థ మీద ప్రశ్న అవుతుంది. ఆడదాని అకాలమరణం ఆమె జీవితం మీద తీర్పవుతుంది.

ఇది కొత్తేమీ కాదు. 'దేవదాసు' (1953)లో తాగి తాగి చచ్చిపోయిన మగవాడు మనకి ప్రేమకి ప్రతీక. అందులో పార్వతిగా నటించిన సావిత్రి, నిజజీవితంలో తాగుడుకి లోబడి పంతొమ్మిది నెలలు స్పృహ లేకుండా పడుండి 1981 డిసెంబర్ 26న పోతే, ఆమె బతుకు ఆడపిల్లలకి చెప్పే హెచ్చరిక అయింది. 'సావిత్రిలా నటించాలి, సావిత్రిలా బతకకూడదు.' ఈ మాట నేను ఎన్ని పెళ్ళిళ్ళలో, ఎన్ని స్టాఫ్ రూముల్లో విన్నానో లెక్కలేదు. దేవదాసులా బతకకూడదని ఏ మగపిల్లాడికయినా ఎవరయినా చెప్పగా విన్నారా?

*

ఇంత చెప్పాక, సినిమావాళ్ళ కోసం ఏడవడం మానేద్దామని నేను అనడం లేదు. మా అమ్మ కన్నీళ్ళని అప్పుడు తక్కువగా చూసిన తప్పు మళ్ళీ చెయ్యలేను. తెర మీది స్త్రీ కోసం ఏడ్చేటప్పుడు మనం మన గురించి కూడా ఏడుస్తాం. మధ్యలో తెగిపోయిన చదువుల కోసం, ఎక్కలేకపోయిన విమానాల కోసం, ఇంట్లో ఎవరి చావుకో గట్టిగా ఏడవనివ్వని కట్టుబాట్ల కోసం. ఆ దుఃఖానికి విలువుంది. అయితే ఆ దుఃఖాన్ని కూడా ఎవరో ముందే ఏరి పెట్టి ఉంటారు, ఈమె కోసం ఏడవచ్చు, ఆమె కోసం కూడదు అని. సాహిత్యంలో పాత్రల్ని చదివినట్టే మనం మన కన్నీళ్ళని చదువుకోవాలి. ఎవరి కోసం రాలాయో చూసుకున్నంత జాగ్రత్తగా, ఎవరి దగ్గర ఎండిపోయాయో చూసుకోవాలి. స్త్రీవాదులుగా మనకి ఆ రెండో పని ఇంకా మిగిలే ఉంది. అశ్లీలత మీద మన విమర్శ సరైనదే. ఆ విమర్శలో నటించిన స్త్రీకి, ఆమె శ్రమకి, ఆమె చావుకి మనం చోటు ఉంచామా అన్నది మాత్రం ప్రశ్నే. నేను ఉంచలేదు.

అమ్మకి ఇప్పుడు ఎనభై దాటాయి. మొన్న వేసవిలో వెళ్ళినప్పుడు టీవీలో 'సీతాకోకచిలుక' వస్తోంది. అమ్మ మంచం మీద పడుకునే చూస్తోంది. స్మిత కనబడగానే నేను ఏమంటుందా అని అమ్మ వైపు చూశాను.

"ఈ పిల్లదీ మన కొవ్వలే కదే" అంది. మా ఇంట్లో ఆ మాట బయటికి రావడం అదే మొదటిసారి.

"అవునమ్మా."

"చిన్నప్పుడే పెళ్ళి చేశారటగా."

"అవును. అక్కడ ఉండలేక వచ్చేసిందట."

అమ్మకి పదిహేనో ఏట పెళ్ళయింది. కాసేపు మాట్లాడలేదు. "పోయినప్పుడు ఎవరన్నా ఉన్నారా దగ్గర?" అని అడిగింది.

లేరని చెప్పాను. అమ్మ ఏడవలేదు. రిమోట్ తీసుకుని టీవీ గొంతు కొంచెం పెంచింది, ఆ పిల్ల ఏమంటోందో వినడానికి.